వాపూ, బలుపూ

పొద్దున్నే కుక్కపిల్లను వెంటబెట్టుకుని కాలువ కట్ట ఎక్కితే చాలు, ఎదురొచ్చినవాళ్ళ చూపు నా మొహం మీద కాదు, దాని డొక్కల మీద పడుతుంది. "ఏంది సారూ, గింత బక్కగున్నది? తిండి పెడతలేరా?" పాల క్యాన్లు కట్టుకుని పోయే ఆయన బండి ఆపి మరీ అడుగుతాడు. నాట్లకు పోతున్న ఆడవాళ్ళలో ఒకామె, "అయ్యో, నోరులేని జీవి, ఎముకలు లెక్కపెట్టొచ్చు" అని పక్కామెతో అంటుంది, నాకు వినపడాలనే. నవ్వి ఊరుకుంటాను. ఊరుకుంటానే గాని ఆ మాట నాతోపాటే ఇంటిదాకా వస్తుంది. నిజంగానే దీనికి తిండి చాలడం లేదా? లేక చూసేవాళ్ళ కంటికే ఏదో పాత అలవాటు ఉందా? ఒక ప్రాణిని చూసి "బాగుంది" అని మనం అనేది దేన్ని చూసి? మాది చిలుకూరు. వీసాల బాలాజీ వెలసిన మొయినాబాద్ చిలుకూరు కాదు. సూర్యాపేట జిల్లాలో, కోదాడ పక్కన, సాగర్ ఎడమ కాలువ మీద బతికే చిలుకూరు. ఎటు చూసినా వరి. మిర్యాలగూడ దాకా పోతే వరసగా రైసు మిల్లులు. అన్నానికి లోటు లేని ఇలాంటి చోట డొక్కలు కనిపించే కుక్కపిల్లను వీధిలో తిప్పడమంటే ఊరి పరువు తీసినట్టే లెక్క.

పేరు కర్రోడు. నల్లగా ఉంటాడు కాబట్టి ఆ పేరు. ఇంతకన్నా చెప్పుకోదగ్గ వంశం లేదు. ఊరకుక్క పిల్లే. నాలుగు నెలలు దాటాయి. ఈ వయసులో ఒంట్లోని ఒక భాగానికి ఇంకో భాగంతో పొత్తు కుదరదు. పాదాలు పెద్దవి, మెడ సన్నం. ఒక చెవి నిలబడింది, రెండోది ఇంకా వంగే ఉంది. పరుగెత్తుకొచ్చి ఆగాలనుకున్న చోట ఆగలేక రెండడుగులు ముందుకు జారతాడు. పదో తరగతి పిల్లల వీడ్కోలు ఫొటో ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? అప్పుడే మీసం మొలిచిన మొహాలు, చొక్కా చేతుల్లోంచి జానెడు బయటికొచ్చిన మణికట్లు. సరిగ్గా ఆ దశ ఇది. ఆ ఫొటోలోని పిల్లల్ని చూసి వీళ్ళింట్లో తిండి లేదేమో అని ఎవరమూ అనుకోం. కుక్కపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో తెలియదు.

పశువుల దవాఖానలో డాక్టరు గారు మొదటిసారి వాణ్ణి బల్ల మీద నిలబెట్టినప్పుడు కాంటా జోలికే పోలేదు. "మీ పిడికిలి బిగించండి" అన్నారు నాతో. రెండో చేతి వేలితో ఆ కణుపుల మీద రాసి చూడమన్నారు. గట్టిగా, గుట్టలు గుట్టలుగా తగిలింది. "పక్కటెముకలు ఇట్లా తగిలితే తిండి చాలట్లేదని." తర్వాత అరచెయ్యి తిప్పించి బొటనవేలి కింద మెత్తటి కండ నొక్కమన్నారు. ఎముక జాడ లేదు. "ఇట్లా ఉంటే ఎక్కువైందని." చివరికి చెయ్యి చాపించి, వెనక వైపు, వేళ్ళు మొదలయ్యే చోట నిమరమన్నారు. పల్చటి తోలు, దాని కింద వరసగా ఎముకలు, నొక్కనక్కర లేకుండానే తెలుస్తున్నాయి గాని గుచ్చుకోవడం లేదు. "ఇదీ మనకు కావలసింది. కంటితో చూడకండి. చేత్తో చూడండి." ఈ చేతి లెక్కకే పుస్తకాల్లో 1 నుంచి 9 దాకా అంకెలు వేసిన కొలమానం ఒకటుంది. లాఫ్లామ్ అనే పరిశోధకురాలు 1997లో ప్రచురించారు. 1 అంటే అస్థిపంజరం, 9 అంటే విపరీతమైన ఊబకాయం. 4, 5 మధ్య ఉంటే చాలు. పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుము లోపలికి తిరగాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి ఎక్కాలి. అంతకు మించి ఇందులో మర్మం లేదు.

సాయంత్రం అరుగు మీద కూచున్నప్పుడు కర్రోడు వచ్చి నా కాళ్ళకు ఆనుకుని పడుకుంటాడు. నా చెయ్యి దానంతటదే వాడి పక్కల మీదికి పోతుంది. వెంట్రుకలు పొట్టివి, వెన్ను మీద కాస్త బిరుసు, పొట్ట దగ్గర పట్టు. తోలు వదులుగా వేళ్ళతోపాటే జరుగుతుంది. దాని కింద ఎముక, ఎముకకూ ఎముకకూ మధ్య చిన్న గుంట, ఆ గుంటలో ఊపిరి. ఎడమ మోచేతి వెనక వేలు పెడితే గుండె కొట్టుకోవడం తెలుస్తుంది. చిట్టచివరి పక్కటెముక దాటగానే చెయ్యి లోపలికి దిగుతుంది, అక్కడ నడుము. వెనక తొడ మీద కొత్తగా గట్టిపడుతున్న కండ, నిన్నామొన్నటిదాకా ఇది లేదే అనిపించేంత కొత్తది. వేళ్ళ మధ్య ఎక్కడైనా పిడుదు తగిలితే పీకి పారేస్తాను. ఇంత చూశాక కూడా, పొద్దున్నే ఎవరో బక్కగున్నాడంటే నాకు అనుమానం రావడం ఎందుకు? చెయ్యి చెప్పింది చాలక కంటికి ఇంకేం కావాలి?

కంటి సంగతి ఏమిటో నాకు కొంత తెలిసొచ్చింది వీడి పొట్ట వల్లనే. ఇంటికి తెచ్చినప్పుడు వాడి పొట్ట గుండ్రంగా, బిగుసుగా ఉండేది. వచ్చినవాళ్ళంతా ఎత్తుకుని "ఎంత బొద్దుగున్నడో" అని మురిసిపోయారు. డాక్టరు గారు మాత్రం ఒక్కసారి వేళ్ళతో తట్టి, "ఏలికపాములు" అన్నారు. తల్లి కడుపులో ఉండగానే పిల్లలకు సంక్రమిస్తాయవి. తర్వాత తల్లి పాలల్లోంచీ వస్తాయి. అందుకే పుట్టిన రెండు వారాలకే మందు మొదలుపెట్టి, మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకొకసారి, ఆపైన ఆరో నెల దాకా నెలకొకసారి వేయమంటారు. మందు వేశాం. మర్నాడు పెంటలో తెల్లటి సేమ్యా పోగుల కట్ట పడింది, వివరం వద్దు. పొట్ట దిగిపోయింది, వెంట్రుకలకు మెరుపొచ్చింది, వాడి పరుగులో ఊపు వచ్చింది. సరిగ్గా అప్పటినుంచే ఊళ్ళో వాళ్ళు "చిక్కిపోయాడేంది" అని అడగడం మొదలుపెట్టారు. జబ్బుగా ఉన్నప్పుడు మెచ్చుకున్నారు, ఆరోగ్యం వచ్చాక జాలిపడ్డారు. వాపును చూసి బలుపనుకోవడమని పెద్దలన్నది సరదాకు కాదన్నమాట.

కానీ వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ చూపు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మా నాయనమ్మ చెప్పేది, సాగర్ నీళ్ళు రాకముందు ఈ భూముల్లో జొన్న, సజ్జ, ఆముదాలు, చెరువు కింద మాత్రం కాస్త వరి. పొద్దున జొన్న గటక, రాత్రి జొన్న గటక; తెల్లన్నం పండక్కో, చుట్టం వస్తేనో. 1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేశారు. కాలువల్లోకి నీళ్ళు వదిలింది 1967లో. కుడి కాలువకు జవహర్ పేరు, మన వైపు ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు గాని, ఇక్కడ ఎవరిని అడిగినా సాగర్ కాలువే. నీళ్ళొచ్చాక వరి వచ్చింది, వరి వెనక మిల్లులొచ్చాయి, గటక గిన్నెలు అటకెక్కాయి. కానీ గటక తిన్న తరం కన్ను మారలేదు. వాళ్ళకు ఒళ్ళు చేయడమంటే గడ్డుకాలం దాటడం. సెలవులకు ఊరొచ్చిన కొడుకును చూసి "చిక్కిపోయినవేంది బిడ్డా" అనడం వాళ్ళ పలకరింపు. ఆ కన్ను మాకిచ్చి పోయారు. మేం ఆ కన్నుతోనే కొడుకులనూ, మనవలనూ, బర్రెదూడనూ, కుక్కపిల్లనూ చూస్తున్నాం. ఆకలి పోయి రెండు తరాలైనా ఆకలి భయం ఇంకా పోలేదు. అది పోవడానికి ఎన్ని తరాలు పడుతుందో ఎవరు చెప్పగలరు?

ఆ రోజుల్లో కుక్కలకు గిన్నె ఉండేది కాదు. గటక కుండ అడుగున మాడిన చెక్క, కడిగిన మజ్జిగ నీళ్ళు, ఇవీ వాటి వాటా. మిగతాది అవే చూసుకునేవి. కోసిన పొలాల్లో ఎలుకలు, గట్ల మీద పీతలు, ఎక్కడో గొడ్డు చస్తే నాలుగు రోజుల పండగ. ఇప్పటి కుక్కలకు నూకలు. మిల్లుల సీమ కదా, వండిన నూకలో ఇంత మజ్జిగ పోసి పెట్టడం ఇక్కడ మామూలు. కోదాడలో స్థిరపడ్డ మా దూరపు చుట్టం ఒకాయన ఈ మాట విని నొచ్చుకున్నాడు. కుక్క మాంసాహారి, దానికి అన్నం విషం అని ఆయన నమ్మకం. విషం కాదు. 2013లో స్వీడన్‌లోని ఉప్సల శాస్త్రవేత్తలు తోడేళ్ళ జన్యువులనూ కుక్కల జన్యువులనూ పక్కపక్కన పెట్టి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము తాలూకు జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించాయి. మనిషి గింజలు పండించి, వండుకుని, మిగిలింది పారబోసిన చోట నిలబడి తిని తిని ఆ జీవి మారింది. అంటే మన అన్నంలో కుక్కకు వాటా నిన్న మొన్నటిది కాదు, వేల ఏళ్ళ నాటిది. చదివినప్పుడు నాకెందుకో గర్వంగా అనిపించింది. ఎవరి తరఫున గర్వమో మాత్రం తేలలేదు.

అయితే అరగడం వేరు, చాలడం వేరు. 100 గ్రాముల అన్నంలో 130 కేలరీల దాకా ఉంటాయి, మాంసకృత్తులు మాత్రం రెండున్నర గ్రాములే. ఎండు బరువు లెక్కన బియ్యంలో మాంసకృత్తులు ఏడెనిమిది శాతం. ఎదిగే కుక్కపిల్ల తిండిలో కనీసం 22.5 శాతం ఉండాలని అమెరికాలో దాణా ప్రమాణాలు రాసేవాళ్ళు అంటారు. వట్టి పెరుగన్నం మీద పెరిగే పిల్లకు కడుపు నిండుతుంది, ఒంటికి కొవ్వూ పడుతుంది, కండ మాత్రం కట్టదు. దూరంనుంచి చూస్తే బొద్దుగా ఉంటుంది. చెయ్యి వేస్తే మెత్తగా దిగబడుతుంది. అలాగని, ఆదివారం చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన తోళ్ళూ కార్జాలూ మాత్రమే పెట్టినా లాభం లేదు. కండలో భాస్వరం ఎక్కువ, కాల్షియం నామమాత్రం. ఉత్త మాంసం మీద పెరిగే పిల్ల తన ఎముకల్లోని కాల్షియాన్నే కరిగించుకుంటుంది; కాళ్ళు వంకరపోతాయి, కొన్నిసార్లు చిన్నగా దూకినా విరుగుతాయి. మా ఇంట్లో వాడికి నూక అన్నంలో ఉడికిన గుడ్డో చికెనో, మెత్తగా ఉడికిన గుమ్మడికాయ ముక్కో, వారానికోసారి కాస్త కార్జం. గుడ్డు పెంకు ఎండబెట్టి రోట్లో పొడిచేసి చిటికెడు, అదీ డాక్టరు గారిని అడిగాకే; ఒక్క పెంకులోనే దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది మరి. ఉప్పూ కారం లేవు. మిగిలిన కూర కలపం, ఎందుకంటే ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క నెత్తుట్లోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన కోడి ఎముక అసలే వద్దు. చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది. సంచుల్లో తిండి అమ్మే పెడిగ్రీ, రాయల్ కానిన్ లాంటి కంపెనీలు ఈ లెక్కలన్నీ చేసే పెడతాయి, నిజమే. కానీ ధర చూస్తే మన ఇంటి నెల బియ్యం ఖర్చు గుర్తొస్తుంది.

ఇవన్నీ నేను చిన్న గిన్నెతో కొలిచి పెడుతుంటే అమ్మ చూస్తూ ఉంటుంది. ఏమీ అనదు. నేను లోపలికి పోగానే కొంగు కింద నుంచి బిస్కెట్టు బయటికొస్తుంది. బర్రెపాలు కూడా పోసేది, వాడికి విరేచనాలు పట్టేదాకా. పాలు మరిచిన పిల్లలకు పాలలోని చక్కెర అరగదని చెప్పాను. విన్నది. ఒక రాత్రి మాత్రం నేను గిన్నె కొలుస్తుండగా నెమ్మదిగా అడిగింది: "కొలిచి పెడుతున్నవు గదా దానికి. నీ చిన్నప్పుడు నీకు నేను ఏనాడన్న కొలిచి పెట్టిన్నా బిడ్డా?" ఏం చెప్పాలి? బరువు నిలవాలంటే కొలవాలి అని చెప్పొచ్చు. ఆమె అడిగింది బరువు గురించి కాదు. కొలిచినచోట ప్రేమ ఉంటుందా అని అడిగింది. అంగన్‌వాడీలో నెలనెలా పిల్లల్ని తూచి, కార్డు మీద చుక్క పెట్టి, ఆకుపచ్చ గీతలో ఉన్నాడా పసుపులోకి జారాడా అని చూసి బాలామృతం పొట్లం ఇచ్చే టీచరమ్మకు ఆ పిల్లల మీద ప్రేమ లేదనగలమా? అనలేం. అయినా అమ్మ మాటకు ఇది సరైన జవాబు అనిపించలేదు. ఆ రాత్రి గిన్నెలో ఇంకో గుడ్డు ముక్క వేశాను. ఆమె చూసింది, నవ్వలేదు.

తూకమంటే గుర్తొచ్చింది. నాలుగో నెల నిండాక డాక్టరు గారు బరువు చూసి చెప్పమన్నారు. ఊళ్ళో వడ్ల కొనుగోలు కేంద్రం నడుస్తున్న రోజులు. 40 కిలోల బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటా ఖాళీగా కనిపించింది. కర్రోణ్ణి ఎత్తి దాని మీద పెట్టాను. హమాలీలంతా చుట్టూ చేరారు. "తేమ ఎంతొచ్చింది సారూ? పదిహేడు దాటితే తీస్కోరు" అని ఒకాయన. "తాలు ఎక్కువున్నట్టుంది, తరుగు తీయాలె" అని ఇంకొకాయన. తరుగు సంగతి మీద ఆ పక్క కూచున్న రైతులు నవ్వలేదు, అది వేరే కథ. అంకె ఎనిమిది కిలోల చిల్లర దగ్గర ఊగి ఆగింది. మన ఊరకుక్కలు ఎదిగాక చాలావరకు పదిహేను, ఇరవై కిలోల మధ్య ఉంటాయి. మధ్యరకం కుక్కలు నాలుగైదు నెలలకు తమ పూర్తి బరువులో దాదాపు సగానికి వస్తాయి. అంటే వాడు దారిలోనే ఉన్నాడు. తిండి లెక్క ఇక్కడే మారుతుంది. కుక్కల పోషణ పుస్తకాల ప్రకారం, సగం బరువుకు చేరేదాకా పిల్లకు అదే బరువున్న పెద్ద కుక్కకన్నా రెండింతల శక్తి కావాలి; సగం నుంచి 80 శాతం దాకా 1.6 రెట్లు, ఆపైన 1.2 రెట్లే. పిల్ల పెరుగుతోంది కదా అని గిన్నెను కూడా అదే ఊపులో పెంచుకుంటూ పోతే, ఎక్కడో ఒకచోట ఎముకకూ కండకూ పోవలసింది కొవ్వుకు పోవడం మొదలవుతుంది. పూటల లెక్క కూడా అంతే. పాలు మాన్పించినప్పుడు నాలుగు పూటలు, నాలుగు నెలలు దాటాక మూడు, ఆరు దాటాక రెండు. మధ్యలో బిస్కెట్ల పూట అమ్మది, దాన్ని ఏ పుస్తకమూ లెక్కలోకి తీసుకోలేదు.

కోదాడ, మిర్యాలగూడలో ఇప్పుడు కాలనీకి నాలుగు లాబ్రడార్లు, రెండు రాట్‌వీలర్లు. వాటిని నడిపించే కుర్రాళ్ళకు ఒకటే ఆరాటం: "బాడీ రావాలె అన్నా". ఏ పొడి వేస్తే తల లావవుతుంది, ఏ కాల్షియం సీసా తాపితే కాళ్ళు మందమవుతాయి, ఇవే ముచ్చట్లు. పెద్ద జాతి పిల్లకు ఇంతకన్నా అపకారం లేదు. ఆరు నెలల లోపు పిల్ల పేగుకు, కాల్షియం చాలు ఇంక వద్దు అని ఆపే నేర్పు సరిగ్గా ఉండదు. పోసినంతా లోపలికి లాగుతుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 1980ల్లో గ్రేట్ డేన్ పిల్లల మీద చేసిన పరిశోధనల్లో, అదనపు కాల్షియం ఎముకల ఎదుగుదలనే తప్పుదారి పట్టించడం చూశారు. ఇక తిండి ఎక్కువైతే ఏమవుతుందో లాబ్రడార్ల మీద చేసిన ఒక పెద్ద పరిశీలన చెబుతుంది. 48 పిల్లల్ని జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి తోడుదాని తిండిలో 25 శాతం తగ్గించి, బతికినన్నాళ్ళూ అలాగే పెట్టారు. ఫలితం 2002లో అచ్చయింది. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయువు 13 ఏళ్ళు, మామూలుగా తిన్నవాటిది 11.2. కీళ్ళ నొప్పులు కూడా తక్కువ తిన్నవాటికి చాలా ఆలస్యంగా వచ్చాయి. తిండి తగ్గించడం అంటే ఆకలితో మాడ్చడం కాదు. అవి సన్నగా, చేతికి ఎముక తగిలేలా ఉన్నాయి, అంతే. దాదాపు రెండేళ్ళ బతుకు! పదమూడేళ్ళ జీవికి రెండేళ్ళంటే ఎంతో మనిషి లెక్కలో వేసుకుని చూడండి.

మన నేల కుక్కలు చాలావరకు సన్ననివే, ఇది ఎవరికీ గుర్తుండదు. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద స్టాంపులు వేసింది; ముధోల్, రాజపాలయం, రాంపూర్ జాతులు అందులో ఉన్నాయి. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో ముధోల్, చిప్పిపారై, కొంబై పేర్లు చెబితే అందరూ ఒక వారం మాట్లాడుకున్నారు. ముధోల్ వేటకుక్కను ఒక్కసారి మా ఊరికి తెస్తే, దాని లోపలికి పోయిన పొట్టనూ తేలిన ఎముకలనూ చూసి ఇంటికొక ముద్ద తెచ్చి పెడతారు. మన కొల్లేటి జోనంగి సంగతీ అదే. బాతుల మందల వెనక నడిచి బతికిన ఆ కుక్కకు పొట్టి వెంట్రుక, ముడతల నుదురు, పిసరంత కొవ్వు కూడా లేని ఒళ్ళు. చెరువులు చేపల గుంటలయ్యాక బాతులూ తగ్గాయి, అదీ తగ్గింది. బాలాజీ చిలుకూరు పక్కన మొయినాబాద్‌లోనే పోలీసు జాగిలాలకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. పత్రికల్లో వాటి ఫొటోలు వచ్చినప్పుడు చూస్తుంటాను. పని చేసే కుక్క ఏదీ లావుగా ఉండదు. మరి పనిలేని కుక్కకు లావు కూడా ఒక హోదా అయిందా? మనుషుల్లో ఒకప్పుడు అలాగే ఉండేది కాబట్టి అడుగుతున్నాను.

ఇంత రాశాక ఒక సందేహం పీడిస్తుంది. గుడ్డు పెంకు పొడి, కేలరీలు, పూటల పట్టిక, ఇదంతా కడుపు నిండినవాడి కబుర్లు కాదా? మా అరుగు కింద వీధి దీపం దగ్గర పడుకునే తల్లికుక్కకు ఏ పట్టిక ఉంది? భారతం మొదట్లోనే నన్నయ సరమ కథ చెప్పాడు. జనమేజయుడు యాగం చేస్తుంటే ఆడుకోవడానికి పోయిన కుక్కపిల్లను అతని తమ్ముళ్ళు కొట్టారు. అది తల్లి దగ్గరికి ఏడుస్తూ పోయింది. తల్లి సరమ వచ్చి, తప్పు చేయని పిల్లను ఎందుకు కొట్టారని రాజును నిలదీసింది. అంత పెద్ద ఇతిహాసం గుమ్మంలోనే ఒక కుక్కపిల్ల నిలబడి ఉందంటే ఊరికే కాదు. ఇప్పటికీ దాని పరిస్థితి ఏమంత మారలేదు. కోల్‌కతా ఐసర్ పరిశోధకులు 2016లో అచ్చు వేసిన పరిశీలనలో, 364 వీధి కుక్కపిల్లల్లో ఈడుకొచ్చేదాకా బతికినవి 19 శాతమే. చచ్చినవాటిలో ఎక్కువ భాగం మనుషుల వల్లనే, బళ్ళ కింద పడో, కొట్టబడో, ఎత్తుకుపోబడో. ఇంకోవైపు కుక్కకాట్ల భయం కూడా అబద్ధం కాదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కల మీద ముందొక ఉత్తర్వు ఇచ్చి, పదకొండు రోజులకు దాన్ని సవరించింది: ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చిన చోటే వదలాలని, ఎక్కడపడితే అక్కడ కాక నిర్ణయించిన చోటనే తిండి పెట్టాలని. పెట్టడమా మానడమా అన్నది కాదు ఇక, ఎక్కడ, ఎంత, ఏ బాధ్యతతో అన్నది మాట. ఇంటి కుక్క గిన్నె దగ్గర నేను పడుతున్న తంటా కూడా అదేనేమో.

మా వైపు వీధి కుక్కలు ఎక్కువగా చలికాలంలోనే పిల్లల్ని పెడతాయి. వానాకాలం వరి కోతలై గడ్డివాములు లేచే రోజులవి. వెచ్చగా ఉంటుందని వాము కిందే చేరతాయి. ఈసారి మీ వాము కింద అలాంటి తల్లి కనిపిస్తే ఒక్క మాట వినండి. ముద్దొస్తున్నాయని పిల్లల ముందు పాల పళ్ళెం పెట్టకండి. తల్లి పాలల్లో ఆవుపాలకన్నా రెట్టింపుకు మించి కొవ్వు ఉంటుంది, మన పళ్ళెం దానికి సాటి రాదు. ఆ తిండి తల్లికి పెట్టండి. పిల్లలకు మూడు, నాలుగు వారాలు వచ్చేసరికి ఆమెకు మామూలుకన్నా రెండు మూడింతల తిండి కావాలి. నూకన్నంలో రెండు గుడ్లు కలపండి, ఉల్లిగడ్డ కూర కలపకండి, తాగడానికి నీళ్ళు పెట్టండి. పిల్లలకు రెండు వారాలు నిండగానే దవాఖానలో అడిగి ఏలికపాముల మందు తెచ్చి వేయండి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించండి. తల్లికి ఆపరేషన్ ఎక్కడ చేస్తారో మున్సిపాలిటీలోనో పశువుల దవాఖానలోనో అడిగి పెట్టుకోండి. ఆ పిల్లల్లో ఒకదాన్ని ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తే తెచ్చుకోండి. పొట్ట గుండ్రంగా ఉన్నదాన్ని చూసి మాత్రం ఎంచుకోకండి.